దరువు ముందు, నడుము తర్వాత

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

పోయిన సంచికలో నా పరిచయం చదివి ఉత్తరాలు రాసినవారందరికీ నమస్కారం. చదవనివారి కోసం రెండు ముక్కలు: మాది నెల్లూరు పక్కన కోవూరు. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. ఇరవై ఏడో ఏట బెంగళూరులో బెల్లీ డ్యాన్స్ మొదలుపెట్టి, పన్నెండేళ్లు హోటళ్లలో, పెళ్లి వేడుకల్లో ఆడాను. ఇప్పుడు నెల్లూరులో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని పాఠాలు చెబుతున్నాను. వచ్చిన ఉత్తరాల్లో సగం బొజ్జ గురించే. వాటి సంగతి తర్వాత చూద్దాం.

అక్కా, నేను ఈ నాట్యం నేర్చుకుంటానంటే ‘అది రికార్డింగ్ డ్యాన్సే కదా’ అని మా నాన్న కోప్పడుతున్నారు. రెండూ వేరని ఆయనకు ఎలా చెప్పాలి?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

వేరే తల్లీ. సంగీతం వేరు, అడుగు వేరు, పుట్టిల్లు వేరు. కానీ ‘మేం మర్యాదస్తులం, వాళ్లు కారు’ అనే అర్థంలో వేరని చెప్పమంటే నా వల్ల కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఊరి దగ్గర తిరునాళ్లలో రికార్డింగ్ డ్యాన్సు పెట్టారు. అమ్మ నా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది. నేను వేళ్ల సందుల్లోంచి చూశాను. మర్నాడు పొద్దున్నే బస్సు కోసం నిలబడితే, రాత్రి ఆడిన అమ్మాయి బడ్డీకొట్టు దగ్గర టీలో బన్ను ముంచుకుని తింటోంది. చెవి వెనక పౌడరు ఇంకా అలాగే ఉంది. కాళ్లు వాచిపోయి చెప్పులు చేత్తో పట్టుకుంది. ఆమె ఏ పాటకు ఆడిందో గుర్తులేదు కానీ ఆ కాళ్లు మాత్రం గుర్తున్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత ఒక పెద్ద హోటల్లో, గొళ్లెం లేని సామాన్ల గదిలో, ఉల్లిపాయల బస్తాల మధ్య నేను బట్టలు మార్చుకుంటున్నప్పుడు మళ్లీ గుర్తొచ్చాయి. తలుపు తెరుచుకోకుండా ఒక కాలితో అదిమి పెట్టి, రెండో కాలి మీద నిలబడి నడుము బెల్టు కట్టుకున్నాను. ఆ రాత్రి డబ్బులో సగం నేటికీ రాలేదు.

మీ నాన్నగారి భయం నాట్యం పేరు గురించి కాదనుకుంటాను. ఎవరి ముందు, ఎంతసేపు, ఎవరు తోడు, రాత్రి ఇంటికి ఎలా వస్తావు – ఇవీ ఆయన అడగలేకపోతున్న ప్రశ్నలు. నా షరతులు ఆయనకు చదివి వినిపించు. సగం డబ్బు ముందే ఇవ్వాలి. ఆట ఇరవై నిమిషాలే. లోపల గొళ్లెం ఉన్న గది ఇవ్వాలి. రానూపోనూ కారు పంపాలి. వేదిక మీదికి ఎవరూ ఎక్కకూడదు, నోట్లు చల్లకూడదు. ఇవన్నీ కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకున్న తర్వాత నాకు పని తగ్గిన మాట నిజమే. ఏడుపు కూడా తగ్గింది.

అమ్మా, ఇది ఏ దేశపు విద్య? ‘పొట్ట నాట్యం’ అనే ఈ మోటు పేరు ఎవరు పెట్టారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

మాస్టారూ, ఆ పేరు పాశ్చాత్యులు పెట్టిందే. ఫ్రెంచివాళ్లు ముందు అలా పిలిచారు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన తర్వాత అమెరికాలో అది ఇంగ్లిషులో స్థిరపడింది. అరబ్బీలో దీన్ని ‘రఖ్స్ షర్కీ’ అంటారు, అంటే తూర్పు నాట్యం. ఇళ్లలో, పెళ్లిళ్లలో ఆడేది ‘బలదీ’, అంటే మన ఊరిది అని. నాకు ఆ రెండో మాటే ఇష్టం.

ఇప్పుడు మనం చూసే వేదిక రూపం ఎక్కువగా కైరోలో తయారైంది. బదియా మసబ్నీ అనే ఆవిడ 1926లో అక్కడ నాట్యశాల తెరిచింది. సామియా గమాల్, తహియా కారియోకా వంటివారు అక్కడి నుంచే సినిమాల్లోకి వెళ్లారు. సామియా గమాల్‌ను 1949లో ఫారూక్ రాజు ఈజిప్టు జాతీయ నర్తకి అన్నాడు. అదే దేశంలో 1834లో అప్పటి పాలకుడు మహమ్మద్ అలీ పాషా నర్తకులను కైరో నుంచి వెళ్లగొట్టాడు. ఇది చదివినప్పుడు నాకు 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం తలపుకొచ్చింది. అప్పుడు మన నెల్లూరు మద్రాసు కిందే ఉండేది కదా. రెండూ ఒకటి కావు, ఆ చట్టం ఆపింది ఆడపిల్లలను గుడికి అంకితమివ్వడాన్ని. అయినా ఆడినవాళ్ల ఇల్లు కదిలింది గానీ, చూసినవాళ్ల ఇల్లు ఎక్కడా కదల్లేదు. మీకు తెలియనిదా!

పొట్ట సంగతికి వస్తే, అసలు పని చెవిది. డోలు వాయించేవారు ‘దుం, తక్… తక్, దుం… తక్’ అంటారు. మక్సూం అనే దరువు అది. ‘దుం’కు తుంటి దిగాలి, ‘తక్’కు తేలాలి. ముందు దరువు, తర్వాత నడుము. నా దగ్గర చేరినవాళ్లను మొదటి నెల నిలబడి చప్పట్లే కొట్టమంటాను. కొందరు డబ్బు దండగని మానేశారు.

మేడమ్, నాకు రెండు కాన్పులూ సిజేరియనే. ఈ నాట్యం చేయవచ్చా? బొజ్జ తగ్గుతుందా?
– గృహిణి, ఒంగోలు

మొదట మీ డాక్టరమ్మను అడగండి. కాన్పు తర్వాత కొందరికి పొట్ట మధ్య కండరాలు ఎడమవుతాయి. అది చూసి ఆవిడ సరేనన్నాకే నా దగ్గరికి రండి. బొజ్జ అంటారా, ఒక్క చోట కొవ్వును ఏరి కరిగించే నాట్యం ఏదీ లేదు. సగం ఉత్తరాలకూ ఇదే జవాబు. నాకూ చిన్న బొజ్జ ఉంది. బెల్టు దాని మీద బాగా కూర్చుంటుంది.

కదలికలు మీకు తెలియనివి కావు. రుబ్బురోలు ముందు కూర్చున్నప్పుడు పొత్రం ఎలా తిరుగుతుందో తుంటి అలా తిరగాలి, భుజం కదలకూడదు. ‘షిమ్మీ’ అనే వణుకు తుంటితో చేస్తారనుకుంటారు. కాదు, మోకాళ్లతో చేస్తారు. కుట్టుమిషను తొక్కినట్టు ఒకదాని తర్వాత ఒకటి చిన్నగా వంచుతూ పోతే తుంటి తనంతట తానే వణుకుతుంది. మోకాళ్లు బిగబట్టి తుంటిని ఊపితే నడుం పడుతుంది. నేను మొదటి ఏడాది అలాగే చేసి పది రోజులు మంచం దిగలేదు.

మగవాళ్లు నేర్చుకోవచ్చా?
– ఒక యువకుడు, చీమకుర్తి

నిక్షేపంగా. ఒట్టోమన్ల కాలంలో ఇస్తాంబుల్‌లో ఆడవేషం కట్టి ఆడిన ‘కోచెక్’లు మగపిల్లలే. కూచిపూడిలో ఆడవేషం కట్టిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను నెత్తిన పెట్టుకున్నవాళ్లం మనం, మనకు ఈ అనుమానమేమిటి? శనివారం సాయంత్రం రండి. లుంగీ వద్దు, జారిపోతుంది.

మీ ఇంట్లో ఎలా ఒప్పుకున్నారు?
– పేరు రాయలేదు, ఆత్మకూరు

ఒప్పుకోలేదు. ‘మా అమ్మాయి బెంగళూరులో హోటల్లో పనిచేస్తోంది’ అని అమ్మ ఆరేళ్లు చెప్పుకుంది. అందులో అబద్ధమేమీ లేదు కదా. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు నా సంచిలో బెల్టు బయటపడింది. పూసల వరస ఒకటి తెగి వేలాడుతోంది. అమ్మ ఊరందరికీ రవికలు కుట్టిన మనిషి. బెల్టును తిరగేసి, ‘ఎవరే కుట్టింది? ఒంటి దారంతో కుట్టారు, తెగక ఏమవుతుంది?’ అంది. ఆ రాత్రి దీపం కింద కూర్చుని పూసలన్నీ విప్పి, జంట దారంతో, ప్రతి నాలుగో పూస దగ్గర ముడి వేసి మళ్లీ కుట్టింది. ఆ బెల్టుతో ఏడేళ్లు ఆడాను, ఒక్క పూస రాలలేదు. నా ఆట మాత్రం ఆమె నేటికీ చూడలేదు. కుట్టుకూలి ఇంకా బాకీ ఉన్నానని పండగకు వెళ్లినప్పుడల్లా అడుగుతుంది.