బెర్లిన్ వచ్చాక మావారు తన భాష దాచుకుంటున్నారు

ప్రశ్న: నాది గుంటూరు, మావారిది ఇజ్రాయెల్‌లోని హైఫా. ఉద్యోగం కోసం గత చలికాలంలో నాలుగేళ్ళ పాపతో బెర్లిన్ వచ్చాం. నాకు ఇక్కడ తెలుగువాళ్ళు దొరికారు. ఆయన మాత్రం ఎవరితోనూ కలవరు. రైల్లో పాపతో హీబ్రూ మాట్లాడటం మానేశారు. ఏ ఊరని అడిగితే మాట మారుస్తారు. రాత్రిళ్ళు ఫోన్లో వార్తలే. యూదుల ప్రార్థనా మందిరం సినగాగ్‌కి వెళ్ళమంటే విసుక్కుంటారు. 'మేమిక్కడ సైరన్ల మధ్య, నువ్వక్కడ హాయిగా' అంటారట అత్తగారు. తిరిగి వెళ్ళిపోవడమే మంచిదా?

జవాబు: ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకోకండి. అక్కడి పండగలన్నీ ఒక్కోసారైనా ఇక్కడ గడిచేదాకా ఆ మాట ఎత్తొద్దని ఇద్దరూ అనుకోండి. ఎందుకంటే ఆయనకి కొరతగా ఉన్నది ముందుగా క్యాలెండర్.

మతనిష్ఠ లేని ఇజ్రాయెలీకి సొంత దేశంలో యూదుడిగా ఉండటానికి ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు. యూదుల వారపు విశ్రాంతి దినం షబ్బాత్ శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ఆ సాయంత్రానికి ఊరు నెమ్మదిస్తుంది, అందరూ అమ్మ ఇంటికి భోజనానికి చేరతారు. ఉపవాసం, ప్రాయశ్చిత్తాల రోజైన యోమ్ కిప్పుర్ నాడు కార్లు ఆగిపోయి రోడ్లన్నీ పిల్లల సైకిళ్ళవుతాయి. గుడికి వెళ్ళనివాళ్ళకి కూడా ఇవన్నీ సొంతమే. జర్మనీలో అదే మనిషి ఒక సంఘంలో సభ్యుడిగా చేరితే తప్ప ఎవరికీ చెందడు. పైగా ఇక్కడి యూదు సంఘాల్లో ఎక్కువమంది 1990 తర్వాత పాత సోవియట్ దేశాల నుంచి వచ్చినవాళ్ళు, రష్యన్ మాట్లాడతారు. అక్కడ ఆయనకి ప్రార్థనా కొత్తే, మనుషులూ కొత్తే. కాబట్టి సినగాగ్ మాట ఆపేయండి.

దాని బదులు శుక్రవారం భోజనం మొదలుపెట్టండి. సూర్యాస్తమయం లెక్క పెట్టుకుంటే నిలవదు: బెర్లిన్‌లో జూన్‌లో తొమ్మిదిన్నర అవుతుంది, డిసెంబరులో నాలుగు లోపే. ఏడాదంతా ఏడు గంటలని ఖాయం చేసుకోండి. వంట ఆయన్నే చేయనివ్వండి. తహీనా (నువ్వుల ముద్ద), జాతర్ (మూలికల పొడి), లబనే (నీరు తీసిన చిక్కటి పెరుగు) బెర్లిన్‌లోని నోయ్‌కోల్న్ ప్రాంతంలో జోన్నెనాలే వీధి అరబ్ దుకాణాల్లో దొరుకుతాయి. ఆయనకి అటు వెళ్ళడం ఇబ్బందైతే మీరు తెచ్చిపెట్టండి. రెండు వారాలకోసారి ఒక కుటుంబాన్ని పిలవండి, హీబ్రూ వచ్చినవాళ్ళయితే మరీ మంచిది. ఎక్కువమందిని పిలిస్తే అది పార్టీ అయిపోతుంది, ఆయన మళ్ళీ వంటింట్లో దాక్కుంటారు.

అన్నిటికన్నా కష్టమైన రోజు యోమ్ హజికరోన్, సైనికుల, దాడుల్లో పోయినవాళ్ళ స్మారక దినం. ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. ముందురోజు రాత్రి 8కి ఒక నిమిషం, మర్నాడు ఉదయం 11కి రెండు నిమిషాలు సైరన్ మోగుతుంది, దేశమంతా నిలబడిపోతుంది. బెర్లిన్‌లో అప్పుడు 7, 10 గంటలు, చుట్టూ మామూలు రోజే. ఆ ఉదయం ఆయన్ని సెలవు పెట్టమనండి, సైరన్ ప్రసారం వచ్చే వేళకి పక్కన నిలబడండి. మీరేమీ మాట్లాడనక్కర్లేదు.

ఇక్కడి చప్పుళ్ళ గురించి కూడా ముందే చెప్పి ఉంచాలి. సెప్టెంబరు రెండో గురువారం ఉదయం 11కి జర్మనీ అంతటా హెచ్చరికల పరీక్ష జరుగుతుంది. సైరన్లతో పాటు ఫోన్లూ గట్టిగా అరుస్తాయి. డిసెంబరు 31 రాత్రి బెర్లిన్ వీధుల్లో బాణసంచా గంటల తరబడి పేలుతుంది. రాకెట్ల మధ్య బతికినవాళ్ళకి అది నరకం. ఆ రాత్రి ఊరికి దూరంగా ఉండేలా చూసుకోండి.

వార్తలు పూర్తిగా మానమంటే మానలేరు. ఇజ్రాయెల్ రక్షణ హెచ్చరికల యాప్‌లో అత్తగారి ఊరొక్కటే ఎంచుకుని మిగతావి తీసేయమనండి. వార్తలు పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు చాలు. ఫోన్ పడకగదిలోకి రాకూడదు.

పాప విషయం మాత్రం ఆలస్యం చేయొద్దు. నాన్న ఒక భాష దాచుకోవడం చూస్తే, అది సిగ్గుపడాల్సిందని నాలుగేళ్ళ పిల్ల కూడా పసిగడుతుంది. ఇంట్లో ఆయన పాపతో హీబ్రూ తప్ప మరోటి మాట్లాడకూడదు; పడుకునే ముందు అరగంట హీబ్రూ కథ ఆయనదే. రైల్లో పాప పెద్దగా హీబ్రూ అందుకుంటే 'ఉష్' అనొద్దు, 'మెల్లగా చెప్పు, వింటున్నా' అనమనండి. ఇజ్రాయెల్ పౌరుడి బిడ్డగా పాప పుట్టుక అక్కడ నమోదై ఉండాలి. కాకపోతే కాన్సులేట్‌లో త్వరగా చేయించండి.

ఊరు అడిగినవాళ్ళకి ఒక మాట సిద్ధంగా ఉంచుకోమనండి: 'హైఫా నాది. యుద్ధం గురించి ఆఫీసులో మాట్లాడను.' ఇంట్లో మీతో నాలుగైదు సార్లు అని చూస్తే నోరు తిరుగుతుంది. అర్ధరాత్రి టాక్సీలో చెప్పకపోవడం జాగ్రత్త. రోజూ పక్కన కూర్చునేవాడి దగ్గర దాచడం మాత్రం మనిషిని తినేస్తుంది. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌పై హమాస్ దాడిలో పోయినవాళ్ళ కోసం ఏడ్చే మనిషే గాజాలో పోయిన పిల్లల కోసమూ ఏడవొచ్చు. ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసిన ప్రతిదానికీ ఆయన సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఈ మాట ఆయనకి మీ నోటి నుంచే వినపడాలి.

అత్తగారితో వాదన వద్దు. ఆవిడ భయం అలా బయటికొస్తోంది. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి, అంటే అక్కడ మూడింటికి, పాపతో వీడియో కాల్ చేయించండి. ఆ వేళకి ఆవిడా వంటలోనే ఉంటారు, ఏం వండాలో అడగండి.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నా, మద్యం పెరిగినా ఇంటి డాక్టర్‌ని కలవండి. జర్మనీ వైద్య సహాయ నంబరు 116117కి ఫోన్ చేస్తే సైకోథెరపిస్టుతో మొదటి అపాయింట్‌మెంట్ ఇప్పిస్తారు. బతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే అత్యవసర నంబరు 112కి చేయండి.