తేలిక చక్రాలతో సైకిల్ వేగం పెరుగుతుందా?

ప్రశ్న: నా రోడ్ సైకిల్‌కు ఉన్న అల్యూమినియం చక్రాల జత దాదాపు 1,900 గ్రాములు తూగుతుంది. వాటి స్థానంలో 1,400 గ్రాముల కార్బన్ చక్రాలు వేయించాలనుకుంటున్నాను. చక్రంలో ఒక గ్రాము తగ్గితే ఫ్రేమ్‌లో రెండు గ్రాములు తగ్గినట్టేనని మిత్రులు చెబుతున్నారు. తొక్కేవారికి ఆ తేడా నిజంగా తెలుస్తుందా?

జవాబు: తెలుస్తుంది. అయితే కాళ్ల కంటే ముందు చేతులకు తెలుస్తుంది, గడియారంలో మాత్రం చాలా స్వల్పంగా కనిపిస్తుంది.

మీ మిత్రుల మాట వేగం పుంజుకునే సమయానికి సరిపోతుంది. అప్పుడు రిమ్ సైకిల్‌తో పాటు ముందుకు కదలాలి, అదే సమయంలో ఇరుసు చుట్టూ తిరగాలి కూడా. అందువల్ల అంచున ఉన్న ప్రతి గ్రాముకూ రెండింతల శక్తి ఖర్చవుతుంది. చక్రం నడిమి భాగమైన హబ్‌లో తగ్గిన బరువుకు ఈ రెండింతల లెక్క దాదాపుగా వర్తించదు. ఇక నిలకడైన వేగంతో వెళ్తున్నప్పుడు, అది ఎక్కుడు దారి అయినా సరే, చక్రంలోని గ్రాముకూ నీళ్ల సీసాలోని గ్రాముకూ భేదం లేదు.

తొక్కేవారు, సైకిల్ కలిపి 80 కిలోలు ఉన్నారనీ, తగ్గిన 500 గ్రాములూ రిమ్ అంచు నుంచే తగ్గాయనీ అనుకుందాం. ఇది కొత్త చక్రాలకు పూర్తిగా అనుకూలమైన లెక్కే. ఆగి ఉన్న సైకిల్‌ను గంటకు 30 కిలోమీటర్ల వేగానికి తీసుకురావడానికి, గాలి నిరోధాన్ని పక్కన పెడితే, సుమారు 2,800 జౌళ్లు కావాలి. తేలిక చక్రాలు అందులో ఆదా చేసేది 35 జౌళ్లు. 200 వాట్లతో తొక్కేవారికి అది సెకనులో ఆరో వంతు కంటే పెద్ద లాభం కాదు. గంటసేపు ఎక్కవలసిన నిటారు దారిలో లాభం 0.6 శాతానికి కొంచెం అటూ ఇటూగా, అంటే ఇరవై సెకన్ల దాకా ఉంటుంది. పోటీలో పాల్గొనేవారికి అది విలువైనదే. చదునైన దారి మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే మిగిలేది ఒక వాట్‌లో అయిదో వంతు మాత్రమే, దాన్ని ఏ కాళ్లూ గుర్తించలేవు.

అయినా చక్రాలు మార్చినవారిలో చాలామంది తేడా స్పష్టంగా ఉందంటారు. ఆ మాటను భ్రమ అని కొట్టిపారేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. సీటు మీద నుంచి లేచి తొక్కేటప్పుడు మనం సైకిల్‌ను కుడికీ ఎడమకీ ఊపుతాం. అప్పుడు శరీరం పెద్దగా కదలదు, చేతులు ఊపేది ఎనిమిది తొమ్మిది కిలోల సైకిల్‌ను మాత్రమే. కాబట్టి అక్కడ 500 గ్రాములను 80 కిలోలతో పోల్చకూడదు, ఆ ఎనిమిది తొమ్మిది కిలోలతోనే పోల్చాలి. పైగా వేగంగా తిరుగుతున్న చక్రం తన ఇరుసు దిశ మారడాన్ని ప్రతిఘటిస్తుంది. రిమ్ తేలికైతే ఆ ప్రతిఘటన తగ్గి, హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది. చేతులకు అందిన ఆ తేలికదనాన్నే మనసు వేగంగా లెక్కగడుతుంది. అనుభూతి నిజమే కానీ, దాని నుంచి తేల్చిన వేగం అంత నిజం కాదు. కొత్త చక్రాలతో పాటు తరచుగా కొత్త టైర్లు కూడా వస్తాయి. వాటి వల్ల కలిగిన మేలు సైతం తేలికదనం ఖాతాలోకే పోతుంది.

కొనే ముందు ఒక పరీక్ష చేసి చూడండి. మీకు బాగా పరిచయమైన ఎక్కుడు దారిని ఒకసారి నిండిన అరలీటరు సీసాతో, మరోసారి ఖాళీ సీసాతో, ఒకే శ్రమతో ఎక్కండి. సీటు మీదే కూర్చుని ఎక్కితే చక్రాలు ఇవ్వబోయే లాభం సరిగ్గా అంతే.

చదును దారి మీద అసలు ప్రత్యర్థి గాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో మనం పెట్టే శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు గాలిని చీల్చుకు వెళ్లడానికే పోతుంది. 1972లో మెక్సికో సిటీలో బెల్జియం సైక్లిస్టు ఎడీ మెర్క్స్ వీలైనంత తేలికగా చేయించుకున్న సైకిల్ మీద గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కారు. 1984లో అదే నగరంలో ఇటలీ సైక్లిస్టు ఫ్రాన్సెస్కో మోజెర్, స్పోకులు లేకుండా పూర్తిగా మూసిన డిస్క్ చక్రాలతో 51.151 కిలోమీటర్లు సాధించారు. దుస్తులు, ఫ్రేమ్ కూడా మారాయి కనుక ఘనత అంతా చక్రాలదే అనలేం. కానీ బరువు కంటే ఆకారానికి పెద్దపీట వేసిన నిర్ణయం అది.

అందుచేత మీరు ముందుగా టైర్లు మార్చండి. 80 కిలోల బరువుతో, గంటకు 30 కిలోమీటర్ల వేగంలో, దొర్లుడు నిరోధ గుణకం (టైరు దొర్లేటప్పుడు ఎంత అడ్డు ఎదురవుతుందో చెప్పే అంకె) 0.007 ఉన్న టైర్ల నుంచి 0.004 ఉన్నవాటికి మారితే దాదాపు 20 వాట్లు ఆదా అవుతాయి. మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబు వంద గ్రాముల దాకా ఉంటే, టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో చేసిన ట్యూబు అందులో సగం కూడా తూగదు. చక్రం అంచున బరువు తగ్గించడానికి అన్నిటికంటే చవకైన మార్గం ఇదే. ఆ తరువాత కూడా కార్బన్ చక్రాలే కావాలనిపిస్తే, తయారీదారు పేర్కొన్న గరిష్ఠ బరువు పరిమితిని తప్పక చూడండి. మీ సైకిల్‌కు రిమ్‌ను పట్టే బ్రేకులుంటే సుదీర్ఘమైన దిగుడు దారుల్లో రిమ్ వేడెక్కుతుందన్న సంగతిని ఉపేక్షించవద్దు.

ప్రశ్న: కొత్త చక్రాలు, సన్నని టైర్లు వేయించాక నా సైకిల్ కంప్యూటర్‌లో సగటు వేగం అర కిలోమీటరు పెరిగింది. ఇది చక్రాల వల్లేనా?

జవాబు: ముందు సెట్టింగ్స్‌లో చక్రం చుట్టుకొలత ఎంత ఉందో చూడండి. చక్రానికి బిగించే సెన్సర్ తిరిగిన చుట్లను మాత్రమే లెక్కిస్తుంది. వాటిని మీరు ఇచ్చిన చుట్టుకొలతతో హెచ్చించి కంప్యూటర్ వేగాన్ని చూపుతుంది. 28 మిల్లీమీటర్ల టైరుకు సాధారణంగా 2,136 మిల్లీమీటర్లు, 25 మిల్లీమీటర్ల టైరుకు 2,105 మిల్లీమీటర్లు ఇస్తారు. పాత అంకెను అలాగే వదిలేస్తే గంటకు 30 కిలోమీటర్ల అసలు వేగం 30.4గా కనిపిస్తుంది, అంటే మీరు చూసిన పెరుగుదలలో చాలా భాగం ఈ అంకెదే కావచ్చు. టైరులో గాలి నింపి, సైకిల్ మీద కూర్చుని, చక్రాన్ని నేల మీద సరిగ్గా ఒక చుట్టు దొర్లించి, ఆ దూరాన్ని కొలిచి నమోదు చేయండి. తరువాత అదే దారిలో, గాలి లేని రోజున మళ్లీ తొక్కి పోల్చండి. తొక్కే శక్తిని కొలిచే పవర్ మీటర్ ఉంటే వేగంతో పాటు వాట్లను కూడా చూడండి.