ఎండుటాకులు చూడటానికి ఇంత ఖర్చా?

(ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరైన మా శీర్షిక రచయిత, రైలు ప్రయాణాల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: నమస్కారం డ్రైవరుగారూ. మా అబ్బాయి అమెరికాలో డెన్వర్‌లో ఉంటాడు. సెప్టెంబరులో నేనూ మా ఆయనా వెళ్తున్నాం. ఆకులు రంగు మారే రోజుల్లో కంబ్రెస్ అండ్ టోల్టెక్ అనే పాతకాలం ఆవిరి రైలు ఎక్కిస్తానంటున్నాడు. టికెట్ ధర వింటే గుండె గుభేలుమంది. పొద్దంతా రైల్లోనే కూర్చోవాలట. మా ఆయనకు మోకాళ్ళ నొప్పులు. ఎండుటాకులేగా, మా వాకిట్లో రోజూ ఊడుస్తూనే ఉన్నాను! అసలే ఈసారి బతుకమ్మకు ఊళ్ళో ఉండనని దిగులు. వద్దని చెప్పేయనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మూడేళ్ళ కిందట మా అమ్మాయి ఇదే రైలుకి టికెట్లు తీస్తానంటే నేనూ ఇలాగే అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను: "పదకొండేళ్ళు బొగ్గు తోసి పొగ మింగినవాణ్ణి, ఇప్పుడు డబ్బిచ్చి మళ్ళీ మింగాలా?" అది నా మాట వినలేదు. మీ అబ్బాయి కూడా మీ మాట వినకుండా ఉంటే బాగుండును.

ముందు ఆ లైను సంగతి. 1880లో, కొండల్లోని వెండి గనుల కోసం డెన్వర్ అండ్ రియో గ్రాండే కంపెనీ వేసిన నేరో గేజ్ అది. పట్టాల మధ్య ఎడం మూడే అడుగులు, మన పాత మీటర్ గేజ్ కన్నా జానెడు కూడా తేడా లేదు. 1960ల చివర్లో లైను మూసేసి పట్టాలు పీకేసే పరిస్థితి వస్తే, 1970లో కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాలు కలిసి 64 మైళ్ళ ముక్క కొనుక్కున్నాయి. ఈ రోజుకీ అది రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి ఆస్తుల పంపకాల గురించి పేపర్లో చదివీ చదివీ ఉన్న నాకు అది విని నవ్వాగలేదు. రైలు కూడా ఎవరి పక్షమూ వహించదు, దారిలో సరిహద్దును 11 సార్లు దాటుతుంది.

మేము న్యూ మెక్సికో వైపు చామా అనే ఊళ్ళో ఎక్కాం. ఇంజన్ 1925లో బాల్డ్విన్ కంపెనీ చేసింది. అందరూ సెల్ఫీలు దిగుతుంటే నేను చక్రాలు లెక్కపెట్టుకున్నాను: ముందు రెండు, మధ్య ఎనిమిది, వెనక రెండు. గుంతకల్లు షెడ్‌లో కుర్రతనంలో నేను గుడ్డ పెట్టి తుడిచిన వైజీ ఇంజన్‌దీ (మన మీటర్ గేజ్ గూడ్సు ఆవిరి ఇంజన్) ఇదే లెక్క. కాసేపు అక్కణ్ణించి కదల్లేదు. మా అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని బోగీలోకి లాక్కెళ్ళింది.

చామా నుంచి కంబ్రెస్ కనుమ దాకా ఎక్కుడు 25కి 1. అంటే 25 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి. రైలుకి అది మామూలు ఎక్కుడు కాదు. ఇంజన్ ఒక్కొక్క ఊపిరీ విడివిడిగా వినిపిస్తుంది, మనిషి మూటతో మెట్లెక్కుతున్నట్టు. పొగ గొట్టంలోంచి నల్లగా పొగ లేచినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు. మా రోజుల్లో అంత నల్లపొగ వస్తే ఫైర్‌మన్‌కి చీవాట్లు పడేవి, బొగ్గు సరిగ్గా కాలక వృథా అవుతోందని దానర్థం. ఇక్కడ ఫొటోల కోసం కావాలనే కాస్త ఎక్కువ తోస్తారేమో అని నా అనుమానం. కనుమ దగ్గర రైలు ఆగినప్పుడు చూస్తే ఫైర్‌మన్ ఒక అమ్మాయి, పాతికేళ్ళుండవు. నా అరచేతిలో పాత మచ్చ చూపించి, పార తోస్తున్నట్టు సైగ చేశాను. ఆ పిల్ల గ్లౌజు తీసి తన చేతికి కాసిన బొబ్బ చూపించింది. అంతే మా సంభాషణ.

ఇక మీ ఎండుటాకులు. అక్కడివి ఆస్పెన్ చెట్లు. వాటి ఆకులు రాలి ఎండేవి కావు, కొమ్మ మీదుండగానే పసుపెక్కుతాయి. బతుకమ్మకు తంగేడు పూలు వరసగా పేర్చాక ఉంటుందే, ఆ పసుపు. కొండ మొత్తానికి పేర్చినట్టు ఉంటుంది, మధ్యమధ్య ముదురాకుపచ్చ దేవదారు జాతి చెట్లు. ఒకే వేరు నుంచి వందల మానులు లేస్తాయి కాబట్టి, ఆ గుంపు గుంపంతా ఒకేసారి రంగు తిరుగుతుంది. పక్క గుంపు ఇంకా పచ్చగానే ఉంటుంది. ఆకు తొడిమ బల్లపరుపుగా ఉండటం వల్ల కాస్త గాలికే గలగలలాడతాయి. గాలి లేనప్పుడు కూడా రావి చెట్టు కదుల్తూ ఉంటుంది చూడండి, అలాగ. మా ఆవిడ కిటికీలోంచి చూసి చేతులు జోడించింది. నేనేమీ అనలేదు.

సెప్టెంబరు చివరి వారం, అక్టోబరు మొదటి వారం మంచి రోజులు. ఒక్క గట్టి గాలి వీస్తే ఆకులన్నీ రాలిపోతాయి కనుక మరీ ఆఖరుకి పెట్టుకోవద్దు. రంగుల రోజుల టికెట్లు ముందే అయిపోతాయి. ఆ సంగతి అబ్బాయికి ఇప్పుడే చెప్పండి.

ఎటు నుంచి ఎక్కాలో కూడా చెప్పండి. లైనుకు రెండో కొస, కొలరాడో వైపు ఊరు ఆంటొనీటో. డెన్వర్ నుంచి అదే దగ్గర, కారులో నాలుగైదు గంటలు. చామా ఇంకాస్త దూరం. ఆంటొనీటోలో ఎక్కితే మొదటి గంటా పైన బోడినేల, బూడిదరంగు తుప్పలు. మీవారు నిద్రపోతారు. చామాలో ఎక్కితే ఎక్కుడూ పసుపూ మొదట్లోనే వస్తాయి. నా ఓటు చామాకే. మధ్యలో ఓసియర్ అనే చోట ఆపి భోజనం పెడతారు, టికెట్‌లోనే కలిసి ఉంటుంది. ముఖ్యంగా టర్కీ కోడి. మీరు మాంసం తినకపోతే ముందే అడిగి చూసుకోండి, అయినా పులిహోర పొట్లం దగ్గరుంచుకోండి. మాకు అదే అక్కరకొచ్చింది. ఆ తరవాత టోల్టెక్ లోయ. నది 600 అడుగుల కింద వెండి తీగలా ఉంటుంది. ఎత్తులంటే కళ్ళు తిరిగే వాళ్ళు ఆ కాసేపు ఎదుటివాళ్ళ మొహాలు చూడటం మేలు.

మోకాళ్ళకు ఇబ్బంది లేదు, బోగీల్లో లేచి తిరగొచ్చు. టెన్షన్ పడాల్సింది ఎత్తు గురించి. కంబ్రెస్ 10,015 అడుగులు. గాలి పల్చన, ఆయాసం వస్తుంది. మీవారికి బీపీ, గుండె జబ్బు ఏమైనా ఉంటే బయల్దేరే ముందే డాక్టరును అడగండి. ముందు రోజు నుంచీ నీళ్ళు బాగా తాగండి. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి సిగ్గుపడొద్దు. పైకప్పు లేని బోగీ ఒకటి ఉంటుంది, చూడ్డానికి దాన్ని మించింది లేదు కానీ బొగ్గు నలకలు కళ్ళలో పడతాయి. అంత అనుభవం ఉన్న నేనే కళ్ళజోడు తీసి పైకి చూసి, అరగంట కన్ను నలుపుకుంటూ కూర్చున్నాను. తెల్లచీర మాత్రం కట్టకండి.

ప్రశ్న: మన చెట్లకు ఆ రంగులెందుకు రావు సార్?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, ఒంగోలు

జవాబు: వస్తాయి నాన్నా, నువ్వు చూడటం లేదు. మీ బడి దగ్గర నాటు బాదం చెట్టు ఉంటే, రాలే ముందు దాని ఆకు ఎర్రబడుతుంది. చలిదేశాల్లో పగలు తగ్గి చలి మొదలవగానే చెట్లు ఆకులోని పచ్చదనాన్ని విరిచి లోపలికి లాక్కుంటాయి. అప్పటిదాకా దాని చాటున దాగిన పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పుడు కొత్తగా తయారయ్యేది. మన దగ్గర అన్ని చెట్లకూ ఒకేసారి కబురు పెట్టే అంత చలి లేదు.

ప్రశ్న: మా అరకు రైలు కూడా హెరిటేజ్ రైలేనా? మా మిత్రుడు కాదని పందెం కట్టాడు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పందెం మీ మిత్రుడిదే. యునెస్కో ప్రపంచ వారసత్వ (హెరిటేజ్) జాబితాలో మనకున్న కొండ రైళ్ళు డార్జిలింగ్ (1999), నీలగిరి (2005), కాల్కా–సిమ్లా (2008). మీ లైను 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకు పంపడానికి వేసింది, నాకంటే చిన్నది. అద్దాల బోగీ వచ్చింది మరీ నిన్నగాక మొన్న. అలాగని చిన్నచూపు చూడకండి. చలికాలం మొదట్లో వలిసె పూలు విచ్చినప్పుడు అరకు లోయ పసుపుకి ఆ కొలరాడో పసుపు సరితూగుతుందా అని మా ఆవిణ్ణి అడిగితే, ఇంకా తేల్చి చెప్పలేదు. పందెం డబ్బులతో మీ మిత్రుణ్ణి కిటికీ పక్క సీటు కొనిపెట్టమనండి.