ఉయ్యాలలోంచి తీసి పడుకోబెట్టగానే పాప లేచిపోతుంటే

ఇరవై రోజుల పాప చీర ఉయ్యాలలో బాగానే పడుకుంటోంది, పరుపు మీద వేయగానే లేచిపోతోంది, రాత్రంతా ఉయ్యాలలోనే ఉంచొచ్చా అని అడిగారు. తప్పు పరుపుది కాదండీ. చీర ఉయ్యాలలో ముడుచుకుని పడుకున్న పిల్లని ఒక్కసారిగా వెల్లకిలా వేసేసరికి ఉలిక్కిపడి లేస్తుంది, ఇరవై రోజుల పాపకి అది మామూలే. అలా అని మీరు అడిగినట్టు రాత్రంతా ఉయ్యాలలోనే వదిలేయొద్దు, అందులో వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి దారి ఇరుకవుతుంది, తల ఎత్తుకునే బలం ఇంకా ఉండదు కదా.

1. మీ మంచం పక్కనే విడిగా తొట్టి, లేదా నేల మీద గట్టి పరుపు. అరచేత్తో నొక్కి తీశాక గుంట అలాగే ఉండిపోతే ఆ పరుపు వద్దు.

2. దింపేటప్పుడు ముందు పిరుదులు, తర్వాత వీపు, చివర తల. ఒక నిమిషం ఛాతీ మీద చెయ్యి అలాగే ఉంచండి.

3. పగటి కునుక్కి కూడా వెల్లకిలానే.

4. దిండు తీసేయండి. ఇక్కడే అందరూ జారిపోతారు. వెల్లకిలా వేస్తారు, తల కింద మాత్రం ఆవాల దిండు, అటూఇటూ గుండ్రటి దిండ్లు, పైన మెత్తటి దుప్పటి! దోమతెర బెడ్డుతో వచ్చే చిన్న దిండు కూడా తీసేయాల్సిందే. తల గుండ్రంగా రాదని అత్తయ్యగారు అంటే, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందే కాసేపు బోర్లా వేయండి, నిద్రలో తల ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిప్పండి.

5. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం (అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్) సలహా ప్రకారం కనీసం 6 నెలలు మీ గదిలోనే, కానీ వేరే పక్క మీద. పాలిస్తూ సోఫాలో కునుకు తీయడం అన్నిటికన్నా ప్రమాదం.

నెలలు నిండకుండా పుట్టి ఉంటే ముందు మీ పిల్లల డాక్టర్‌ని అడగండి.