కారం ఎక్కువన్నారంటే మన హోటలే

ఈసారి సంక్రాంతికి బరంపురం వచ్చేసరికి మా వీధిలో ముగ్గురు పిల్లలు అమెరికా ప్రయాణం పెట్టుకుని ఉన్నారు. ఇద్దరు డల్లాస్‌కి, ఒకమ్మాయి న్యూజెర్సీకి, ఆగస్టులో. వీసా గురించో అద్దెల గురించో అడుగుతారనుకున్నాను. మొదటి సందేహమే తిండి మీద వచ్చింది: "బాబాయ్, అక్కడ ఏ హోటల్ బాగుంటుందో యాప్ చూసి నమ్మొచ్చా?"

గిరి మార్కెట్‌లో ఎవరి దగ్గర అప్పడాలు బాగుంటాయో చెప్పడానికి మనకి పక్కింటి పిన్ని చాలు. ఆవిడ నాలుక మనకి తెలుసు. అక్కడ ఆ పిన్ని స్థానంలో ముక్కూ మొహం తెలియని మనిషి ఉంటాడు. ఎన్ని స్టార్లిచ్చాడని కాదు, ఎందుకిచ్చాడో చూడాలి.

నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో దిగిన కొత్తలో నాలుగున్నర దాటిన రేటింగ్ చూసి, ఆంధ్రా భోజనం అన్న బోర్డు నమ్మి, నలుగురిని వెంటేసుకుని ఒక చోటికి వెళ్లాను. పప్పులో పంచదార! ఇంటికొచ్చి రివ్యూలన్నీ చదివితే అందరూ పొగిడింది బటర్ చికెన్‌నీ నాన్‌నీ. గోంగూర మాట ఒక్కరూ ఎత్తలేదు. తర్వాత మూడున్నర మాత్రమే ఉన్న ఇంకో చోట, ఒకాయన ఒకే ఒక్క స్టారిచ్చి "కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇంత కారమా" అని వాపోయాడు. ఆ శనివారమే వెళ్లాం. ఉలవచారు, చేపల పులుసు, అచ్చం పెళ్లి భోజనం. ఇప్పటికీ మా ఇంటికి చుట్టాలొస్తే అక్కడికే.

అందుకే గూగుల్ మ్యాప్స్ రివ్యూల్లో వెతికే చోట "గోంగూర" అనో "పులుసు" అనో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ఆ మాట రాసినవాళ్లవి చదవండి. తర్వాత కొత్తవి ముందు వచ్చేలా మార్చుకోండి, ఎందుకంటే వంటవాడు మారితే పాత పొగడ్తలు దండగ. ఓనరు పెట్టిన ఫొటోలు కాకుండా తిన్నవాళ్లు తీసిన ఫొటోల్లో పప్పు రంగు చూడండి.

దొంగ రివ్యూల సంగతంటారా, ఒకే వారంలో పాతిక మంది ఒక్కో ముక్క రాసి అయిదేసి స్టార్లిస్తే అనుమానించాల్సిందే. ఒకచోట బల్ల మీద కార్డు పెట్టారు, అయిదు స్టార్లిస్తే గులాబ్ జామ్ ఉచితమని. 2024 అక్టోబరు 21 నుంచి అమలైన అమెరికా ప్రభుత్వ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం అలా మంచి మాట రాస్తేనే అని బహుమతి ఇవ్వకూడదు. గులాబ్ జామ్ మాత్రం బాగుంది, అది వేరే సంగతి.

డెలివరీ యాప్‌లు హోటల్ దగ్గర కమీషన్ తీసుకుంటాయి. అందుకే చాలాచోట్ల అదే బిర్యానీ యాప్‌లో ఎక్కువ ధర ఉంటుంది, పైన ఫీజులు, టిప్పు. ఫోన్ చేసి చెప్పి, వెళ్లి తెచ్చుకుంటే మిగులుతుంది. రెండు మూడు పేర్లకి ఒకే చిరునామా కనిపిస్తే వంటగది ఒక్కటే అనుకోండి. కూర్చుని తింటే బిల్లు మీద పదిహేను, ఇరవై శాతం టిప్పు అక్కడి ఆనవాయితీ. పెద్ద గుంపుగా వెళ్తే కొన్నిచోట్ల ముందే వేసేస్తారు, బిల్లు చూడకుండా రెండోసారి ఇవ్వకండి. న్యూయార్క్‌లో శుభ్రతకి ఏ, బీ, సీ అని గ్రేడు రాసిన కాగితం గుమ్మం దగ్గరే అంటించాలి, 2010 నుంచి ఉంది ఆ పద్ధతి. రుచికి రివ్యూ, కడుపుకి ఆ కాగితం.

ఇంకో చిక్కు మన సరిహద్దువాళ్లకే. 1936లో ఒరిస్సా విడిగా ఏర్పడినప్పుడు బరంపురం ఇటు వచ్చింది గానీ, మన నాలుక రెండు వైపులా ఉండిపోయింది. ఆంధ్రా హోటల్లో దాల్మా, అంటే కూరగాయలు వేసిన ఒడియా పప్పు, దొరకదు, ఒడియా హోటలే అరుదు. అందుకు తెలుగు సంఘంతో పాటు ఒడియా వాళ్ల వాట్సాప్ గ్రూపులో కూడా చేరండి. ఇంట్లో వండి ఇచ్చే అమ్మలు ఏ యాప్‌లోనూ కనబడరు.

కొత్త హోటల్‌కి మొదటిసారి బిర్యానీ జోలికి పోకండి. పప్పు, చారు తెప్పించండి. అవి కుదిరితే రెండోసారి వెళ్లొచ్చు.

"మరి పఖాళో, బాబాయ్?" అంది న్యూజెర్సీ వెళ్లే పిల్ల.

"దానికి హోటలెందుకే! రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పొయ్యి. ఉల్లిపాయ ఎడిసన్‌లో కూడా దొరుకుతుంది."