యమహా ఎఫ్‌జీ800, ఎఫ్‌ఎస్800 గిటార్లు: రెండూ చేతిలో ఉంటే ఏది ఉంచుకోవాలి?
ఇంట్లో కూర్చుని పాడుకుంటూ వాయించేవాళ్లైతే ఎఫ్‌ఎస్800 ఉంచుకోండి, గట్టిగా వాయించి నలుగురికీ వినిపించాలంటే ఎఫ్‌జీ800. రెండిటికీ పైపలక సాలిడ్ స్ప్రూసే (పొరలు అతికించని స్ప్రూస్ చెక్క), తేడా అంతా కొలతల్లో ఉంది: ఎఫ్‌జీలో మోగే తీగ పొడవు 650 మిల్లీమీటర్లు, ఎఫ్‌ఎస్‌లో 634, కాబట్టి ఒకే రకం తీగలు ఒకే శ్రుతికి బిగించినా ఎఫ్‌ఎస్‌లో బిగువు దాదాపు 5 శాతం తక్కువ, బాడీ కూడా చిన్నది. మొదటి ఫ్రెట్‌లో, అంటే మెడ మీది మొదటి గడిలో, ఎఫ్ బార్ కార్డ్ పట్టి చూడండి, చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా నొక్కాలి కదా, ఆ బిగువు తేడా అక్కడే తెలిసిపోతుంది. చిన్నగా ఉంది కాబట్టి పిల్లల గిటార్ అనుకుంటే పొరపాటే. ఇంకోటి, 'దీని సౌండే బాగుంది' అని తేల్చేస్తారు గానీ చాలాసార్లు అది కొత్త తీగల మహిమ; చెన్నై లాంటి ఊళ్ల ఉప్పుగాలికి, వేళ్ల చెమటకి తీగలు త్వరగా తుప్పు పట్టి మొద్దుబారతాయి, అందుకే రెండిటికీ ఒకే రకం కొత్త సెట్ వేసి అప్పుడు వినండి.