పల్నాటి యుద్ధం కోడిపందెం వల్లే జరిగిందా? కారంపూడి ఉత్సవాల్లో ఏ రోజు ఏం చూడాలి?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు: కోడిపందెంలో ఓడినందుకే అన్నదమ్ములు యుద్ధానికి దిగారా, కారంపూడి వెళ్తే ఏ రోజు వెళ్లాలి అని. రెండింటికీ కలిపే చెప్పాలి. ఆ యుద్ధ వీరుల పేరిట కారంపూడిలో జరిగే ఉత్సవాల వరస, కథ వరస ఒకటి కావు. అది తెలియక వెళ్లినవాళ్లకు కథ తలకిందులుగా అర్థమవుతుంది.

పందెం సాకు మాత్రమే. అసలు తగవు వాటా దగ్గర వచ్చింది. హైహయ వంశపు అలుగురాజు వెలనాటి గొంకరాజు కూతురు మైలమదేవిని పెళ్లాడినప్పుడు పల్నాడు అరణంగా, అంటే పెళ్లి కానుకగా, దక్కిందని కథ. మైలమ కొడుకు నలగామరాజు. మలిదేవరాజు వేరే భార్య కొడుకు. నా ఉద్దేశంలో చిక్కుముడి ఇక్కడే ఉంది: తల్లి అరణంగా వచ్చిన నేలలో సవతి తమ్ముళ్లకు భాగం ఉందా, లేదా? తండ్రి పోయాక ఈ ప్రశ్నకు ఇద్దరూ ఒప్పుకునే జవాబు దొరకలేదు. నాయకురాలు నాగమ్మ నలగాముడి కొలువులో మంత్రి అయింది. అప్పటిదాకా మంత్రిగా ఉన్న బ్రహ్మనాయుడు తమ్ముళ్ల పక్షాన నిలిచి వాళ్లను మాచర్లకు తీసుకెళ్లాడు. గురజాల ఒక రాజధాని, మాచర్ల ఇంకొకటి. రాజ్యం చీలింది అప్పుడే, పందెం నాటికి కాదు.

పందెంలో ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలి. మాచర్ల వాళ్లు ఓడారు, మాట ప్రకారం వెళ్లారు. కథ అక్కడితో ఆగిపోవచ్చు. ఆగనివ్వనివి రెండు. ఒకటి మందపోరు: వలసలో ఉన్నప్పుడు మండాది దగ్గర బ్రహ్మనాయుడి ఆలమందల మీద దాడి జరిగింది, వాటిని కాపాడుతూ లంకన్న ప్రాణం విడిచాడు. రెండోది ఇంకా పెద్దది. గడువు తీరాక తమ భాగం అడగడానికి అలరాజును రాయబారం పంపారు. అతను నలగాముడికి స్వయానా అల్లుడు. రెండు పక్షాలకూ కావలసినవాడు గనుకే అతన్ని ఎంచుకున్నారు. అతనికి విషం పెట్టి చంపారు. ఆ తర్వాత మధ్యవర్తిగా నిలబడగల మనిషే లేకపోయాడు. యుద్ధం ఖాయమైన రోజు అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి కథలో వరస ఇది: కోడిపోరు, వలస, మందపోరు, రాయబారం, నాగులేటి ఒడ్డున కారంపూడి రణం.

ఉత్సవాల్లో మాత్రం కార్తీక అమావాస్యతో మొదలై ఐదు రోజులు ఈ వరసలో నడుస్తుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. చూశారా, రాయబారం రెండో రోజే వస్తుంది, కోడిపోరు నాలుగో రోజు. కోడిపోరు ఒక్కటే చూసి బస్సెక్కేవాళ్లు చాలామంది. ఒక్కరోజే వీలైతే నా సలహా మూడో రోజు, మందపోరు. చాపకూడు ఆ రోజే. కులం చూడకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు పెట్టించిన భోజనం అది. మాల కులస్థుడైన కన్నమదాసును కొడుకుగా చూసుకుని దళపతిని చేసినవాడి పక్షం ఎలాంటిదో అక్కడ అన్నం తింటే తెలుస్తుంది. రెండు రోజులు వీలైతే కల్లిపాడు కూడా చూడండి, అది రణం ముగింపు.

తేదీ విషయంలో పొరపాటు పడొద్దు. అమావాస్య నవంబరులో రావచ్చు, డిసెంబరులోనూ రావచ్చు. తిథి రెండు రోజుల మీద పడితే క్యాలెండరు చూసి బయల్దేరకుండా ఊళ్లో వాళ్లను కనుక్కోండి. వీరుల ఆయుధాలను కొణతాలంటారు. వాటికి నాగులేట్లో స్నానం చేయిస్తారు. అవి పూజలో ఉన్న దైవాలు, ఫొటో కోసం చెయ్యి వేయకండి. వీరుల కథలు పాడే వీరవిద్యావంతులు పాడుతుంటే దగ్గరగా కూర్చుని వినండి.

ఒక జాగ్రత్త. పై కథంతా పాటల్లోనూ శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపదలోనూ ఉన్నది. శ్రీనాథుడు యుద్ధం జరిగిన రెండు వందల ఏళ్లకు పైగా తర్వాతి కవి. నాగమ్మను ఉత్త దుర్మార్గురాలిగా చూపించేది వీరులై పూజలందుకున్న పక్షం గొంతు అని గుర్తుపెట్టుకుని చదవండి. గురజాల వైపు గొంతు మనకు దాదాపు మిగల్లేదు. పాటలకు బయట కనిపించేది గొంకరాజు వంశమైన వెలనాటి చోడుల పతనం. 12వ శతాబ్దం చివరి పాతికేళ్లలో వాళ్ల బలం కూలింది. 1186 నాటికి కాకతి రుద్రదేవుడి శాసనం ద్రాక్షారామంలోనే కనిపిస్తుంది.